వేషం లేకపోయినా

బెంగళూరు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో "ఒక్క వేషమైనా ఇవ్వని నాటక సమాజం కోసం ఈ వయసులో ఎందుకు నాన్నా తిప్పలు? పైగా అది కన్నడవాళ్లది" అన్నావు. నీ బెంగ నా ఆరోగ్యం గురించేనని తెలుసు. అయినా జవాబు తీరిగ్గా చెప్పాలనిపించింది.

భాష మాట ముందే తేల్చేస్తాను. బళ్లారి రాఘవ వృత్తికి వకీలు. తెలుగులోనూ కన్నడంలోనూ వేషాలు కట్టారు. అంతటివారికి అడ్డురాని భాష నాకెందుకు అడ్డొస్తుంది?

నేను చూసేది సామగ్రి. ప్రదర్శన రోజున వింగు పక్కన, అంటే వేదిక పక్క తెర చాటున, బల్ల వేసి, దాని మీద అట్టల కాగితం పరుస్తాను. చెంబు, ఉత్తరాల కట్ట, చేతికర్ర, కళ్లజోడు ఒక్కొక్కటీ దాని మీద పెట్టి, చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీసి పేరు రాస్తాను. నటులు తీసుకెళ్లిన వస్తువును మళ్లీ ఆ గీతలోనే పెట్టాలి. ఏది తిరిగి రాలేదో మసక వెలుతురులో కూడా ఇట్టే తెలిసిపోతుంది. పోయినసారి మూడో రంగం ముందు కళ్లజోడు చోటు ఖాళీగా ఉంది. తండ్రి వేషం వేసే అబ్బాయి ఆ కళ్లజోడు తుడుచుకుంటూనే కొడుకుతో అసలు సంగతి చెప్పాలి. వెతికే వ్యవధి లేదు. నా కళ్లజోడు తీసి అతని చేతిలో పెట్టాను. ఆ రంగమంతా నాకు మసకగానే కనిపించింది, కానీ ఒక్క మాట కూడా వదలకుండా విన్నాను.

నన్ను పిలిచి కుర్చీ వేసి గౌరవించే చోట్లు చాలానే ఉన్నాయమ్మా. పెళ్లిళ్లు, పెన్షనర్ల సమావేశాలు. నేను వెళ్లకపోతే అక్కడ ఏదీ ఆగదు. ఇక్కడ ఆగుతుంది. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి సమాజంలో కుటుంబమే బృందం, పిల్లలు నాటకాల మధ్యనే పుట్టి పెరిగారు. మా సమాజంలో ఎవరికీ ఎవరితోనూ చుట్టరికం లేదు. ఒకరు ధార్వాడ, ఒకరు మైసూరు, నేను అనంతపురం. మమ్మల్ని కలిపేది పనే.

డబ్బు గురించి కూడా అడిగావు. మాది 1960 నాటి కర్ణాటక సొసైటీల చట్టం కింద నమోదైన సంస్థ. మిగులు ఉన్నా సభ్యులు పంచుకోకూడదు. ఏటా సర్వసభ్య సమావేశంలో టీ ఖర్చుతో సహా లెక్కలు చదువుతారు. బ్యాంకులో పనిచేసినవాణ్ణి కదా, ఆ లెక్కలు చూస్తే తృప్తిగా ఉంటుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. కొత్తగా వచ్చిన పిల్లలను వేషం దొరికేదాకా రిహార్సల్ గదిలో ఒక మూల కూర్చోబెడతారు. వాళ్లను పలకరించేవారుండరు. కొందరు నెల తిరక్కుండానే మానేస్తారు. ఇది మారాలని సమావేశంలో గట్టిగానే చెప్పాను. ఈలోగా అలాంటివారిని నా బల్ల దగ్గరికి పిలుస్తున్నాను. ఈమధ్య వచ్చిన అమ్మాయి ఒకతె నాకన్నా ముందే వచ్చి కాగితం పరుస్తోంది. నాలుగు రోజులు రాకపోతే నటులే ఆమె గురించి నన్ను అడిగారు.

వచ్చే నెల జె.పి. నగర్‌లోని రంగశంకర నాటకశాలలో మా ప్రదర్శన ఉంది. అక్కడ వేళకు తలుపులు మూసేస్తారు, ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి పంపరు. పొద్దున్న బస్సుకే బయలుదేరి రా. అల్లుణ్ణి కూడా తీసుకురా. ఈసారి ఉత్తరాల కట్టలు చాలా కట్టాలి, మధ్యాహ్నం నుంచి మీ ఇద్దరి సాయం కావాలి.

నాన్న