సిబిల్ తప్పులు దిద్దించుకునే దారి బ్యాంకు గోడ మీద తెలుగులో రాయించండి

సంపాదకులకు నమస్కారం.

హాలియాలో నాది మోటార్ వైండింగ్ షాపు. కాల్వకు నీళ్లు ఆగాయంటే రైతులకు బోరు మోటార్లే దిక్కు, నాకూ అప్పుడే చేతినిండా పని. షాపు కొంచెం పెంచుదామని పోయినేడాది 3 లక్షల లోనుకు బ్యాంకుకు వెళ్లాను. "బండి లోను కట్టకుండా వదిలేశావు, ఇంకో లోను ఎట్లా వస్తది?" అన్నారు మేనేజర్ గారు. నేను బండి లోను తీసుకున్నదే లేదు. ఆ మాటే అంటే ఆయన నా సిబిల్ రిపోర్టు, అంటే ఎవరు ఏ అప్పు తీసుకున్నారు, ఎట్లా కట్టారు అని రాసిపెట్టే చిట్టా, కంప్యూటర్‌లో తెరిచి నా వైపు తిప్పారు. నా పేరే, నా పుట్టిన తేదీయే. అడ్రసు మాత్రం జడ్చర్ల వైపుది. ఏడు కిస్తీలు బాకీ. నా వెనకాల మా ఊరివాళ్లు నలుగురు నిలబడి వింటున్నారు. ఆ రోజు తలెత్తుకుని బయటికి రాలేకపోయాను.

ఇది నా ఒక్కడి సంగతి కాదు కాబట్టే రాస్తున్నాను. గుట్ట నర్సన్న పేరున యాదయ్యలు, జాన్‌పహాడ్ సైదన్నకు మొక్కి పేరు పెట్టుకున్న సైదులులు మా జిల్లాలో ఊరికి పదిమంది ఉంటారు. పుట్టిన తేదీ చూద్దామా అంటే, బడిలో వేసేటప్పుడు సారు రాసిన జూన్ 1 సగం మందికి అదే. పాన్ నంబరు సరిగ్గా చూడకుండా పేరు, తేదీ పట్టుకుని అప్పు ఎక్కిస్తే ఒకరి బాకీ ఇంకొకరి మెడకు చుట్టుకుంటుంది. పాలమూరు నుంచి ముంబై, పుణె వలస పోయినవాళ్లకైతే తమ పేరు మీద ఏముందో తెలిసే దారే లేదు.

నెట్ సెంటర్‌లో పిల్లగాడు చెప్పేదాకా రిపోర్టు ఉచితమని నాకూ తెలియదు. సిబిల్ అంటాం గానీ ఇట్లా లెక్కలు రాసే సంస్థలు దేశంలో నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు పైసా తీసుకోకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2017 నుంచే నియమం పెట్టింది. ఒకదాంట్లో సరిగ్గా ఉంది కదా అని ఊరుకోవద్దు. నా తప్పు రెండింటిలో ఉంది.

'ఈ అప్పు నాది కాదు' అని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఆ సంస్థ తనంతట తాను దిద్దదు, అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకోవాలి. కంపెనీ మొదట 'వివరాలు సరిగ్గానే ఉన్నాయి' అని ఒక్క ముక్క పంపి ఊరుకుంది. పాన్, ఆధార్ నకళ్లు పెట్టి, ఆ లోను కాగితం మీద ఉన్న సంతకం చూపించమని మళ్లీ రాశాను. చూపించలేకపోయారు. మొత్తం దిద్దేసరికి 74 రోజులు పట్టింది. ఈలోపు సీజన్ దాటిపోయింది.

2024 ఏప్రిల్ 26 నుంచి ఉన్న నియమం ప్రకారం ఫిర్యాదు 30 రోజుల్లో తేలాలి. అందులో అప్పిచ్చినవాళ్లకు 21 రోజులు. ఆ 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలి, ఫిర్యాదు తేలిన 5 పనిదినాల్లో ఖాతాలో పడాలి. దిద్దడం కుదరదంటే కారణం చెప్పాలి. 30 రోజులైనా జవాబు రాకపోతే, ఇట్లాంటి ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు, 14448కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇవేవీ నాకు బ్యాంకులో ఎవరూ చెప్పలేదు. అడిగితే "ఆన్‌లైన్‌లో చూసుకో" అన్నారు. ఇంగ్లీషులో పది పేజీల రిపోర్టు మా సంఘం అక్కలు ఎట్లా చదువుతారు? అందుకే 'సిబిల్ క్లీన్ చేస్తాం' అనే బ్రోకర్ల చేతిలో వేలకు వేలు పోస్తున్నారు. తప్పు నిజంగా ఉంటే దిద్దడానికి ఖర్చే లేదు, బాకీ నిజమైతే ఏ బ్రోకరూ దాన్ని తుడిపేయలేడు.

జిల్లాలో బ్యాంకులన్నిటి పని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు అధికారులకు, నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టర్లకు మీ పత్రిక ద్వారా విన్నవించుకునేది ఇదే. ప్రతి బ్రాంచిలో, మీసేవ కేంద్రంలో ఈ హక్కులు తెలుగులో బోర్డు రాయించాలి. లోను కాదన్నప్పుడు రిపోర్టులో ఏ పద్దు వల్ల కాదన్నారో కాగితం మీద రాసివ్వాలి. తప్పు తమ బ్యాంకు పద్దులోనే ఉంటే బ్రాంచిలోనే ఫిర్యాదు తీసుకుని, తేదీ వేసి ముద్ర కొట్టిన రశీదు ఇవ్వాలి. ఆ 30 రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో చదువురాని మనిషి చూపించుకోవడానికి ఆ రశీదు తప్ప ఇంకేం ఉంటుంది?

ఒక పాఠకుడు,
హాలియా, నల్లగొండ జిల్లా