ఖరీదైన డాక్ కొనాలనుకునే పాశ్చాత్య శాస్త్రీయ సంగీత శ్రోతలకు

సింఫనీలు, చాంబర్ సంగీతం వినే మా దుకాణం ఖాతాదారులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచి డాక్ ఏది? డిజిటల్ రికార్డింగును ఆంప్లిఫయర్‌కు పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే ఈ పరికరాన్ని వినిపించే పద్ధతిని ఈ నెల నుంచి మారుస్తున్నాం. దీనివల్ల ఖరీదైనవి తక్కువగా అమ్ముడుపోవచ్చు. అది తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం.

డాక్‌లన్నీ ఒకే స్థాయిలో పలకవు. డాక్ వెనక ఉండే రెండు రకాల అవుట్‌పుట్ సాకెట్లలో ఆర్‌సీఏ నుంచి 2 ఓల్టులు, ఎక్స్‌ఎల్ఆర్ నుంచి 4 ఓల్టులు ఇవ్వడం వాడుక. కొన్ని అంతకు మించి ఇస్తాయి. రెండింటిలో ఒకటి అర డెసిబెల్ ఎక్కువగా పలికితే, శబ్దం పెరిగిందని మనకు తోచదు, వయొలిన్లు మరింత స్పష్టంగా ఉన్నాయనిపిస్తుంది. అందుకే ఇకపై స్పీకరు తీగల దగ్గర ఓల్టుమీటరు పెట్టి, తేడాను 0.1 డెసిబెల్‌కు, అంటే ఓల్టేజీలో సుమారు ఒక శాతానికి తగ్గించాకే వినిపిస్తాం. ఏది మోగుతోందో ముందుగా చెప్పం. తేడా తెలియకపోతే చవకైనది తీసుకెళ్లండి.

అట్టపెట్టె మీది బిట్ల సంఖ్యను చూసి మాత్రం కొనకండి. సీడీలోని 16 బిట్లకు సుమారు 96 డెసిబెళ్ల వ్యాప్తి, అంటే అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య తేడా, ఉంటుంది. 24 బిట్లకు లెక్క ప్రకారం 144 రావాలి కానీ, పరికరం సొంత రొద వల్ల ఏ డాక్‌లోనూ అంత రాదు. ఇంటి గదిలో వినడానికి అంత అవసరమూ లేదు.

శాస్త్రీయ సంగీతానికి నిజంగా చూడవలసినవి వేరే ఉన్నాయి. స్వరకర్త రవెల్ రాసిన ‘బొలేరో’ మొదట్లో చిన్న డ్రమ్ము వినీ వినబడనంత మెల్లగా మొదలవుతుంది. శాంప్లింగ్ రేటు, అంటే రికార్డింగులో సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలిచారన్నది, 44.1 నుంచి 96 కిలోహెర్ట్జ్‌కు మారినప్పుడు కొన్ని డాక్‌లు టక్కుమని, క్షణంపాటు మూగబోయి, ఆ తొలి దెబ్బలను మింగేస్తాయి. మొదటి స్వరం కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్న శ్రోతకు ఇది చాలా పెద్ద లోపం. ఎంత పేరున్న డాక్ అయినా ఈ పరీక్షలో తప్పితే మా అరలో ఉండదు. బీథోవెన్ అయిదో సింఫనీలో మూడో భాగం ఆగకుండా నాలుగో భాగంలోకి సాగుతుంది. అక్కడ మీకు ఖాళీ వినిపిస్తే, చాలాసార్లు తప్పు ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌ది. దానికోసం డాక్ మార్చనక్కర్లేదు.

రెసిస్టర్ల నిచ్చెనతో, అంటే మెట్లలా పేర్చిన రెసిస్టర్ల వరుసతో అంకెలను ఓల్టేజీగా మారుస్తూ, పనిచేసే డాక్‌ల గురించి చాలామంది ఆశగా అడుగుతున్నారు. వాటి మీద నాకూ ఇష్టం ఉంది. కానీ సాదా నిచ్చెనలో 16 బిట్ల ఖచ్చితత్వం రావాలంటే, అన్నిటికంటే ఎక్కువ విలువున్న బిట్టులోని పొరపాటు సుమారు 0.0015 శాతం దాటకూడదు. దాటితే లోపం బయటపడేది సంకేతం సున్నాను దాటే చోట, అది ఎక్కువగా వినబడేది సంగీతం అతి మెల్లగా ఉన్నప్పుడు. కాబట్టి మైనస్ 90 డెసిబెళ్ల అతి మెల్లని స్వరంతో కొలిచిన ఫలితం చూపించాకే వాటిని అమ్ముతాం. సంకేతాన్ని నునుపు చేసే ఫిల్టర్ లేని డాక్‌లు సీడీ రికార్డింగులో 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెళ్లు తగ్గిస్తాయి. ఆ మెత్తదనం కొందరికి నచ్చుతుంది. నచ్చితే కొనండి, అది ఉన్నతమైన స్పష్టత అని మాత్రం మేం చెప్పం.

మరి ఎక్కువ డబ్బు ఎప్పుడు పెట్టాలి? డాక్‌ను నేరుగా పవర్ ఆంప్లిఫయర్‌కు కలిపి, వాల్యూమ్ కూడా దానితోనే తగ్గించేవారికి రొద తక్కువగా ఉన్న మంచి డాక్ తప్పకుండా ఉపయోగపడుతుంది. స్పీకర్లు, గది ఇంకా కుదరనివారు ముందు వాటి సంగతి చూసుకోవాలని నా గట్టి సలహా.

వచ్చేటప్పుడు మీకు కంఠతా వచ్చిన రికార్డింగు ఒకటి తెచ్చుకోండి. కొనేముందు ఇంటికి తీసుకెళ్లి వారం రోజులు వినండి. నచ్చకపోతే తిరిగి తెచ్చివ్వండి, కారణం అడగం.