బడి వేడుకలు సాయంత్రం పూట పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఖమ్మం జిల్లాలో సాగర్ ఎడమ కాల్వ కింద ఒక పల్లెటూరు. మా పాప ఊళ్లోని సర్కారు ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది, బాబు ఒకటో తరగతి. నేనూ మా ఆయనా మిర్చి ఏరడానికి కూలికి పోతాం. పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం నేను రాస్తున్నాను. కానీ ఇందులో ఉన్న మాట మా ముఠాలోని తల్లులందరిదీ.

ఇప్పుడు మా ఊళ్లో వేపచెట్లు పూతకొచ్చాయి. మామిడి పిందెలు రాలితే పిల్లలు ఉప్పూకారం పొట్లం జేబులో పెట్టుకుని బడికి పోతున్నారు. బడిలో ఏడాది మొత్తం మీద ఎక్కువ సందడి ఉండేది ఈ రెండు నెలల్లోనే. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం, తర్వాత హోలీ, ఉగాది, వార్షికోత్సవం, ఐదో తరగతి పిల్లలకు వీడ్కోలు. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు. ఏప్రిల్ నాలుగో వారానికి పరీక్షలు రాయించి, ప్రోగ్రెస్ కార్డులిచ్చి సెలవులిచ్చేస్తారు. ఇక జూన్ 12 దాకా బడి మొహం చూసేది లేదు.

సరిగ్గా ఇవే రోజుల్లో మిర్చి ఏరుడు ఉంటుంది. పండిన కాయ మన కోసం ఆగదు. చెట్టు మీదే ఎక్కువ ఎండితే రంగు పోతుంది, వాన పడితే మచ్చ వస్తుంది, యార్డులో రేటు పడిపోతుంది. అందుకని రైతు తొందరపడతాడు, మేస్త్రి తొందరపెడతాడు. పొద్దున ఆరింటికే ట్రాలీ ఆటో వచ్చి రచ్చబండ దగ్గర ఆగుతుంది. పిల్లలు ఇంకా ముసుగు తీయకముందే మేం సద్ది కట్టుకుని ఎక్కేస్తాం. మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరవుతుంది.

బడిలో తల్లిదండ్రుల సమావేశం ఎన్నింటికి పెడతారంటే పొద్దున పదింటికి.

పోయిన ఏడాది ఉగాది ముందు రోజు జరిగింది చెప్తాను. పిల్లల చేత ఆరు రుచుల నాటిక వేయించారు. మా పాప వేపపువ్వు. తల మీద నిజం వేపరెమ్మ కట్టుకుని, చేదు ఎందుకు మంచిదో నాలుగు మాటలు చెప్పాలి. దానికోసం వారం రోజులు ఇంట్లో అద్దం ముందు నిలబడి బట్టీపట్టింది. నాటిక తేదీ మాత్రం ముందు రోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మా ఇంట్లో స్మార్ట్ ఫోన్ ఒక్కటే, అది మా ఆయన దగ్గరుంటుంది. ఆయన ఆ రాత్రి కళ్లంలో ఆరబోసిన కాయలకు కాపలా పడుకున్నాడు. నేను పొద్దున్నే చేనుకు పోయాను. మిగతా పిల్లల్లో కూడా సగం మందికి పైగా ఎవరూ రాలేదని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మా పాప రెమ్మ మళ్లీ కట్టుకుని, నాకు మాత్రమే చేసి చూపిస్తానంది. సగంలోనే నాకు నిద్ర పట్టేసింది. పొద్దున లేచేసరికి ఆ రెమ్మ నా దిండు పక్కన ఉంది.

ఇందులో టీచర్లను తప్పుపట్టడం లేదు. బడి నడిచే వేళలోనే బడి పని పెట్టుకుంటారు, అది వాళ్లకు అలవాటు. కానీ అదే బడిలో ఏప్రిల్లో ఐదో తరగతి వీడ్కోలు ఎండ భయానికి సాయంత్రానికి మార్చారు. ఐదున్నరకు మొదలుపెట్టారు. ఆ రోజు మేం మేస్త్రిని బతిమాలి గంట ముందే చేను దిగి, చేతులకు అంటిన మిర్చి ఘాటు పోకుండానే బడికి వెళ్లాం. వరండాలో చోటు చాలలేదు. ముసలివాళ్లు నులకమంచాలు మోయించుకుని వచ్చి కూర్చున్నారు.

పెద్దగా ఏమీ చేయలేదు. మైకు లేదు, షామియానా లేదు. ఒకటో తరగతి నుంచి ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ లేచి తన పలక మీద అమ్మా నాన్నల పేర్లు రాసి చదివారు. పెద్ద తరగతుల వాళ్లు తలా ఒక కథ పేజీ చదివారు. మా పక్కింటి బాబాయి వేలిముద్ర వేసే మనిషి. కొడుకు పలక మీద తన పేరు చూసి, ఇందులో నా పేరు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని అడిగాడు. పిల్లాడు వేలు పెట్టి చూపించాడు. ఆ పలక ఇంటికి తీసుకుపోవచ్చా అని ఆయన అడిగితే, సుద్ద చెరిగిపోతుందని టీచర్ ఒక కాగితం మీద పిల్లాడి చేతనే మళ్లీ రాయించి ఇచ్చింది. అది ఇప్పటికీ వాళ్లింట్లో దేవుడి పటం పక్కన అంటించి ఉంది. బాబాయి ఆ తర్వాత పిల్లాణ్ని ఒక్క రోజు కూడా పనికి తీసుకుపోలేదు.

ఇంకో సంగతి కూడా ఆ సాయంత్రమే తేలింది. ఒంటిపూట బడులప్పుడు పన్నెండున్నరకు భోజనం పెట్టి పిల్లల్ని పంపేస్తారు. మేం వచ్చేదాకా ఐదారు గంటలు వాళ్లను చూసేవాళ్లుండరు. మాకు కాల్వ దగ్గర. ప్రతి ఎండాకాలం ఈతకు పోయి పిల్లలు మునిగిపోయిన వార్తలు మీ పత్రికలోనే చదువుతుంటాం. ఆ టెన్షన్‌తో చేలో చెయ్యి ఆడదు. ఈ మాట ఎవరో ఎత్తితే, మంచాల మీద కూర్చున్న అవ్వలే వంతులు వేసుకున్నారు. మధ్యాహ్నం ఇద్దరు చొప్పున బడి వరండాలో కూర్చుంటామన్నారు. హెడ్మాస్టరు వరండా వాడుకోనిచ్చారు. సెలవులిచ్చేదాకా ఆ పది రోజులూ పిల్లలు అక్కడే అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడుకున్నారు. పొద్దున పదింటి సమావేశాల్లో ఈ మాట ఎన్నడూ రాలేదు. ఎట్లా వస్తుంది, ఆ బాధ ఉన్నవాళ్లం అక్కడ లేం కదా!

మా పుట్టిల్లు తిరువూరు దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతా సర్కారు బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. మొదటిసారి తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడు లాగుడు పోటీలు పెట్టారట. మా వదిన రెండిటికీ వెళ్లింది, పిల్లాడితో కలిసి బడిలో కూర్చుని తిన్నానని ఇప్పటికీ మురిసిపోతుంది. మంచి పనే. కానీ జూలైది గురువారం నాడు, అందులోనూ నాట్ల కాలం. ఆమె ఆ రోజు కూలి వదులుకుని వెళ్లింది. అందరూ వదులుకోలేరు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని ఆ చట్టంలో రాశారు. 2024లో మన తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, బడి మరమ్మతుల పని మహిళా సంఘాలకు ఇచ్చారు. సంతోషం. మా సంఘం వాళ్లే యూనిఫాంలు కుట్టారు. చట్టంలో మాకు చోటిచ్చినట్టే గడియారంలోనూ కాస్త చోటివ్వమని అడుగుతున్నాను.

సాయంత్రం అంటే టీచర్లకు ఇబ్బంది ఉంటుందని నాకు తెలుసు. మా బడికి ఇద్దరే టీచర్లు, ఇద్దరూ ఖమ్మం నుంచి వచ్చిపోతారు. అందులో ఒకామె చంటిపిల్ల తల్లి. పొద్దున ఎనిమిదికి వచ్చి మళ్లీ సాయంత్రం దాకా ఉండమనడం అన్యాయం. అందుకని ఆ ఒక్క రోజు పొద్దుటి బడి తీసేసి సాయంత్రం బడి పెట్టండి. నాలుగింటికి మొదలుపెట్టి పిల్లలకు భోజనం అప్పుడే వండి పెడితే, చీకటి పడేలోపు అందరూ ఇళ్లకు చేరతారు. వసంతకాలంలో ఒక్క సాయంత్రం చాలు. దీనికి హెడ్మాస్టరు ఒక్కరే సాహసం చేయలేరు. పనిదినం లెక్క తప్పిందని పైనుంచి అడుగుతారని వాళ్ల భయం. జిల్లా విద్యాశాఖ నుంచి ఒక ఉత్తర్వు వస్తే ఆ భయం ఉండదు.

కబురు కూడా వారం ముందు పంపండి. వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పన్ను కట్టమని, నల్లా నీళ్లు రావని పంచాయతీ మైకులో చెప్తారు కదా, అందులోనే బడి సంగతీ చెప్పించవచ్చు. పిల్లల చేత చీటీ రాయించి పంపితే ఇంకా మంచిది. మా పాప తన చేత్తో 'అమ్మా, మంగళవారం రా' అని రాసి తెస్తే నేను ఆ చీటీ మేస్త్రికి చూపించగలను. ఫోన్లో మెసేజ్ వచ్చిందంటే ఆయన వినడు.

ఈసారి ఉగాదికి మళ్లీ నాటిక ఉందట. మా పాప బెల్లం, బాబు మామిడికాయ. తేదీ ఇంకా ఖాయం చేయలేదని టీచర్ చెప్పింది. ఈ ఉత్తరం ఈ వారంలోనే వేయగలిగితే అధికారుల కంట పడుతుందని ఆశ.

ఇట్లు,
ఒక తల్లి,
ఖమ్మం జిల్లా.