క్యాజువాలిటీ బల్ల దగ్గరే కేసు పోతోంది

సంపాదకుల వారికి,

లాఠీ దెబ్బలు తిన్న కుర్రాడి గురించి పోయిన ఆదివారం మీ నగరం పేజీలో వార్త వచ్చింది. దాని మీద ఎవరైనా నాలుగు ముక్కలు రాస్తారేమోనని ఆరు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు. బాధితుడి వైపు నుంచి ఫిర్యాదు రాలేదని, వస్తే చూస్తామని అధికారులు చెప్పినట్టు వేసి మీరూ వదిలేశారు. ఫిర్యాదు ఎందుకు రాదో, వచ్చినా ఎందుకు నిలబడదో తెలుసుకోవాలంటే ఏదైనా పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో ఒక్క రాత్రి నిలబడితే చాలు.

దెబ్బలు తిన్నవాణ్ణి ఇంట్లోవాళ్లు ఆటోలో తీసుకొస్తారు. డ్యూటీ డాక్టర్ ఎం.ఎల్.సి. (పోలీసు కేసయ్యే గాయాలు రాసే) రిజిస్టర్ తెరిచి ఎట్లా తగిలాయని అడుగుతాడు. నాలుగడుగుల దూరంలో పోలీసు ఔట్‌పోస్టు. భయపడి "బండి మీంచి పడ్డాడు" అనేస్తారు. కేసు అక్కడే పోయింది. ఎప్పుడో విచారణ మొదలైనప్పుడు అవతలి వకీలు మొదట బయటికి తీసేది ఆ కాగితమే. ఫలానా స్టేషన్‌లో, ఫలానా రోజు, ఇన్ని గంటలకు, పోలీసులు లాఠీతో కొట్టారని చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు రాయడమే డాక్టర్ బాధ్యత. నిజమో అబద్ధమో తేల్చడానికి కోర్టు ఉంది.

లాఠీ దెబ్బ దానంతటదే సాక్ష్యం చెబుతుంది. గుండ్రటి కర్ర గట్టిగా పడితే కింద ఉన్న నెత్తురు రెండు పక్కలకీ నెట్టుకుపోతుంది. మధ్యలో పాలిపోయిన చార, దానికి అటూ ఇటూ రైలు పట్టాల్లా రెండు ఎర్రటి గీతలు తేలతాయి. బండి మీంచి పడితే చర్మం గీరుకుపోతుంది కానీ వీపు మీద ఇట్లా జంట గీతలు పడవు. అయితే అవి ఉండేది కొద్ది రోజులే. ఎరుపు నీలమై, వారం తిరిగేసరికి పచ్చబడి, రెండు వారాలకు దాదాపు మాయమవుతాయి. అందుకే ఎన్ని గాయాలు, ఒక్కొక్కటి ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు, ఒంటి మీద ఎక్కడ అన్నది మొదటి రోజే రాయించుకోవాలి. "ఒళ్లంతా కమిలిన గాయాలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ జంట గీతలు రికార్డులో లేనట్టే. ఫోన్‌లో ఫొటో తీసేటప్పుడు గాయం పక్కన స్కేలు పెట్టాలి. ఒకటి దగ్గర్నుంచి, ఇంకొకటి మొహం కూడా కనపడేలా తీయాలి. వాట్సాప్‌లో పంపిన కాపీని నమ్ముకుని అసలు ఫైలు తీసేయకూడదు, ఆ ఫోను అమ్మకూడదు. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేస్తేనే కోర్టు ఆ ఫొటోను చూస్తుంది.

అరికాళ్ల మీద కొడితే పైకి పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు. కాబట్టి నోరు తెరిచి చెప్పాలి. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే తెల్లారేదాకా కూడా ఆగకూడదు. కండరాలు చితికి ఆ విషం కిడ్నీలను దెబ్బతీస్తోందన్నమాట. కండరాలు, కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీపీకే, క్రియాటినిన్ రక్తపరీక్షలు అడిగి చేయించుకోవాలి. ప్రాణం నిలబెట్టేవీ అవే, దెబ్బల తీవ్రతను కోర్టుకు చూపేవీ అవే. ఎముక విరిగినా, పన్ను ఊడినా భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ కింద తీవ్ర గాయమే. ఏదీ విరగకపోయినా 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అదీ తీవ్ర గాయమే. పాత శిక్షాస్మృతిలో ఈ గడువు 20 రోజులుండేది. కాబట్టి ఆ 15 రోజుల్లో మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వెళ్లి, తేదీ పడ్డ ఓపీ చీటీలు దాచుకోవాలి.

ఇంత చేసినా గాయాల సర్టిఫికెట్ వెళ్లేది పోలీస్ స్టేషన్‌కే. కొట్టిన స్టేషన్‌కే గాయాల కాగితం పంపే పద్ధతిని ఇన్నేళ్లుగా ఎవరూ ఎందుకు మార్చలేదు?

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) ప్రకారం డీసీపీకి రాతపూర్వకంగా, పోస్టులో పంపాలి. ఆ రసీదు పారేసుకుంటే పని అయిపోయినట్టే. అప్పటికీ కేసు కట్టకపోతే 175(3) కింద నాంపల్లి కోర్టులో వేసే అర్జీకి ఆ రసీదు, అఫిడవిట్ రెండూ ఉండాలి. ఇవి లేకుండానే అర్జీలు వేసి వెనక్కి తెచ్చుకునే వాళ్లు బోలెడుమంది. పైగా 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన ఈ కొత్త చట్టం 175(4)లో ఇంకో గోడ కట్టింది. విధి నిర్వహణలో చేసిన పని మీద ఫిర్యాదైతే, పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి సంజాయిషీ చూశాకే మేజిస్ట్రేట్ దర్యాప్తుకు ఆదేశించాలట. ఈ నివేదిక వచ్చేలోపు గాయాలు మానిపోతాయి, సీసీ కెమెరా రికార్డింగూ చెరిగిపోతుంది.

సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ప్రతి స్టేషన్‌లో మాటలు కూడా వినపడే కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. ఆ రికార్డింగును భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉందని స్టేషన్‌లో పెద్ద బోర్డు మీద స్థానిక భాషలో కూడా రాయమంది. నగరంలో ఎన్ని స్టేషన్లలో ఆ బోర్డు తెలుగులో కనపడుతుందో మీ విలేకరులు ఒకసారి తిరిగి చూడాలి. బాధితులు మాత్రం మొదటి వారంలోనే తేదీ, గంటలు రాసి, రికార్డింగు చెరపవద్దని ఎస్‌హెచ్‌ఓకూ (స్టేషన్ ఇన్‌ఛార్జికి) డీసీపీకీ రిజిస్టర్డ్ పోస్టు పంపాలి.

దెబ్బలు తిన్నవాణ్ణే అరెస్టు చేసి రిమాండ్‌కు తెచ్చినప్పుడు, పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా అని మేజిస్ట్రేట్ అడుగుతారు. వెనక నిలబడ్డ కానిస్టేబుల్‌ను చూసి బాధితులు తల అడ్డంగా ఊపేస్తారు. చొక్కా విప్పి చూపించాల్సింది అక్కడే. అక్కడ కుదరకపోతే చంచల్‌గూడ జైల్లో చేర్చుకునేటప్పుడు డాక్టర్‌కైనా చూపించాలి. ఆ రిజిస్టర్‌ను కోర్టు తెప్పించుకోగలదు.

డబ్బు లేక వకీలును పెట్టుకోలేదన్న మాట తరచూ వింటుంటాం. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునివ్వాలి. 15100కు ఫోన్ చేయొచ్చు. అయితే ఆ వకీలు బెయిలు వేసి చేతులు దులుపుకుంటే కుదరదు. గాయాల ఫిర్యాదు కూడా వేయమని బాధితులు గట్టిగా అడగాలి. మానవ హక్కుల కమిషన్‌కు ఫీజూ వకీలూ అక్కర్లేదు, కానీ ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. మన రాష్ట్ర కమిషన్‌కు 2022 డిసెంబరు తర్వాత రెండేళ్లకు పైగా ఛైర్మనే లేడు. ఆ రెండేళ్లలో ఏడాది గడువు దాటిపోయిన వాళ్లకు ఎవరు జవాబు చెబుతారు? పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో వేరే అథారిటీలు పెట్టాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. హైదరాబాద్‌లో దాని తలుపు ఎక్కడ తట్టాలో దారిన పోయే పదిమందిని అడిగి చూడండి. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టి, ఇప్పటికీ ఆమోదించలేదు. పైన అంత నిర్లక్ష్యం ఉంటే కింద లాఠీ పట్టుకున్నవాడికి భయం ఎక్కణ్నుంచి వస్తుంది?

2023 ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయిన మెదక్ కూలీ విషయాన్ని హైకోర్టు తనంతట తానే చేపట్టింది. దొంగతనం అనుమానంతో పోలీసులు పట్టుకెళ్లిన మనిషి ఆయన. బతికి బయటపడ్డవాళ్ల మాట వినడానికి కూడా ఎవరో ఒకరు ఉండాలి కదా. ఉస్మానియా, గాంధీ క్యాజువాలిటీల్లో రాత్రీ పగలూ చట్టం మీద శిక్షణ పొందిన ఒక పారా లీగల్ వాలంటీర్‌ను న్యాయ సేవాధికార సంస్థ కూర్చోబెట్టాలి. ఔట్‌పోస్టు వైపు కాకుండా ఎం.ఎల్.సి. బల్ల పక్కన కుర్చీ వేయాలి. గాయాల సర్టిఫికెట్ కాపీని స్టేషన్‌కు పంపే రోజే బాధితుడి చేతికీ ఇవ్వాలని వైద్య ఆరోగ్య శాఖ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ఈ రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు.

— ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్