ఫారంలో ఒక గడి కావాలి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఫార్మసిస్టును. కొలెస్టరాల్ మాత్రల స్ట్రిప్పులు రోజూ నా చేతుల మీదుగా పోతుంటాయి. అయినా మా అమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని, ఒకసారి ముందుకు ఊగి, కూలబడి, మళ్లీ ఊగి లేస్తుంటే నాకు ఆ మాత్ర మీదికి అనుమానం పోలేదు. సింవాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు, స్టాటిన్లు అనే కొలెస్టరాల్ మందుల్లో ఒకటి. రాత్రిపూట తీసిచ్చేది నేనే. తొడలు పట్టేస్తున్నాయని చెబితే డాక్టరు గారు, "ఈ వయసులో నొప్పులుండవా ఏమిటండీ?" అన్నారు. ఇంకో మూడు నెలలు మింగింది. చివరికి సీకే పరీక్ష చేయిస్తే, కండరం దెబ్బతింటే పెరిగే ఆ ఎంజైము ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. మాత్ర ఆపిన కొన్ని వారాలకు ఊతం లేకుండా లేచింది. తర్వాత జన్యు పరీక్ష చేయిస్తే, ఎస్‌ఎల్‌సీఓ1బీ1 అనే జన్యువులో తల్లి వైపు ప్రతిలోనూ తండ్రి వైపు ప్రతిలోనూ అదే తేడా కనిపించింది.

డీఎన్ఏ రాతలో తేడా ఒక్క అక్షరానిదే. టీ ఉండాల్సిన చోట సీ ఉంది. స్టాటిన్ పని చేయాల్సింది కాలేయంలో. రక్తంలో ఉన్న మందును కాలేయ కణాల్లోకి లాక్కునే ప్రోటీన్‌ను ఈ జన్యువే తయారు చేయిస్తుంది. సీ ఉంటే ఆ లాగుడు మందగిస్తుంది. మందు రక్తంలోనే ఉండిపోయి కండరాలకు ఎక్కువగా తగులుతుంది. 2008లో వెలువడిన సెర్చ్ అధ్యయనంలో, సింవాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు వాడుతూ కండరాల జబ్బు తెచ్చుకున్న 85 మందినీ, అదే మోతాదు వాడినా ఏమీ కాని 90 మందినీ పోల్చారు. సీ ఒక్క ప్రతి ఉంటే ముప్పు సుమారు నాలుగున్నర రెట్లు, రెండూ ఉంటే సుమారు 17 రెట్లు అని తేలింది. 2011లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 80 మిల్లీగ్రాముల మోతాదును కొత్తగా ఎవరికీ మొదలుపెట్టవద్దంది.

స్టాటిన్లన్నీ ఒక్కటి కాదండీ. ఈ తేడా సింవాస్టాటిన్‌ను పట్టినంతగా ప్రావాస్టాటిన్‌ను పట్టదు. రోసువాస్టాటిన్‌కు ముఖ్యమైంది ఏబీసీజీ2 అనే మరో జన్యువు. ఆసియా సంతతి వాళ్ల రక్తంలో ఆ మందు సుమారు రెండింతలు తేలుతుంది కాబట్టి, వాళ్లకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే సంగతి ఆలోచించమని అమెరికాలో ఆ మందు కాగితం మీదే ఉంది. ఆ కాగితం విప్పి చదివేవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ఇక మందు అసలు పని చేయకపోవడం. స్టాటిన్ పడ్డాక కాలేయం తన మీద ఎల్‌డీఎల్ గ్రాహకాలను, అంటే చెడు కొలెస్టరాల్‌ను పట్టుకునే ప్రోటీన్లను, పెంచుకుని రక్తంలోని ఆ కొలెస్టరాల్‌ను లాగేస్తుంది. పుట్టుకతోనే ఆ గ్రాహకాల జన్యువు రెండు ప్రతులూ చెడి, గ్రాహకాలే లేనివాళ్లకు మోతాదు ఎంత పెంచినా ఫలితం అంతంత మాత్రమే. అలాంటి రోగిని "మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదు" అని కసిరితే అన్యాయం కాదా?

అందరికీ జన్యు పరీక్షలు చేయించండి అని అడగడం లేదు. స్టాటిన్ వాడేవారు చెప్పే నొప్పులన్నీ మందువీ కావు. 2020లో వచ్చిన శామ్సన్ ప్రయోగంలో, దుష్ప్రభావాలు తట్టుకోలేక స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం దాకా ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. జన్యు పరీక్షల్లోనూ తాలు ఉంది. కేఐఎఫ్6 అనే జన్యువు చూసి స్టాటిన్ ఎవరికి మేలు చేస్తుందో చెబుతామని పరీక్షలు అమ్మారు. పెద్ద అధ్యయనాల్లో ఆ మాట నిలవలేదు. మళ్లీ అలాంటివి అంటగట్టకుండా చూడాల్సింది మీ శాఖే.

నేను అడిగేది చిన్నది. స్టాటిన్ మొదలుపెట్టాక కండరాలు పట్టేసి, సీకే పెరిగినవారికి ప్రభుత్వ ల్యాబుల్లో ఎస్‌ఎల్‌సీఓ1బీ1 పరీక్ష ఒక్కసారి చేయించండి. షుగర్‌లాగా నెలనెలా చూడాల్సిన పని లేదు, పుట్టుకతో వచ్చిన అక్షరం మారదు. ఆ ఫలితాన్ని రోగి రికార్డులో, మందు రాసే డాక్టరు కంటబడే చోట ఉంచండి.

మా అమ్మ ఆ రిపోర్టును ప్లాస్టిక్ కవర్లో మడిచి సంచిలో పెట్టుకుని తిరుగుతోంది. ఈమధ్య కంటి ఆపరేషన్‌కు వెళ్తే, పడని మందులేమైనా ఉన్నాయా అని అడిగారు. తీసి చూపించింది. నర్సమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎక్కడ రాయాలమ్మా? ఫారంలో గడి లేదే" అంది.

ఆ గడి పెట్టించండి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు