మధ్యాహ్న భోజనం పళ్లెంలో రెండు ప్రభుత్వాలు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఎనిమిదో తరగతి పిల్లలు నోటు పుస్తకంలో మూడు నిలువు గళ్లు గీసుకుని ఇంటికి వచ్చి, కరెంటు ఎవరిది, పోస్టాఫీసు ఎవరిది అంటూ మిమ్మల్ని విసిగించి ఉంటారు. కేంద్రం, రాష్ట్రం, ఉమ్మడి అన్నవి ఆ గళ్లు. పాఠం చెప్పి ప్రశ్న జవాబులు రాయిస్తే సరిపోదా అని ఒక తండ్రి బడికి వచ్చి మరీ అడిగారు. ఆయన అడిగింది సబబే. అయితే ‘మన దేశం సమాఖ్య’, అంటే కేంద్రం, రాష్ట్రాలు అధికారాలు పంచుకునే దేశం, అన్న వాక్యాన్ని పిల్లలు పరీక్ష కోసం బట్టీ పట్టడం, పరీక్ష అయ్యాక మరిచిపోవడం నేను ఏటా చూస్తూనే ఉన్నాను.

అందుకే ఈసారి పాఠం భోజనాల వరుసలో మొదలుపెట్టాం. పళ్లెంలోని బియ్యం కేంద్రం ఇస్తుంది. వంట ఖర్చులో నూటికి అరవై కేంద్రానివి, నలభై రాష్ట్రానివి. గుడ్డు ఖర్చు రాష్ట్రం పెట్టుకుంటుంది. తినడానికి కూర్చున్న ఈ వరండా జిల్లా పరిషత్తుది. ‘మరి ఉప్పు ఎవరిది సార్?’ అని వెనక నుంచి ఒకడు అడిగాడు. వంట ఖర్చులోదే అన్నాను. ‘అయితే అదీ అరవై నలభయ్యే’ అని వాడే తేల్చేశాడు.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉన్న మూడు జాబితాలే ఆ మూడు గళ్లు. రక్షణ, రైల్వేలు, తపాలా కేంద్రానివి. పోలీసులు, వ్యవసాయం, ప్రజారోగ్యం రాష్ట్రానివి. రైలు కేంద్రానిదే అయినా అందులో పెట్టె పోతే కేసు రాసుకునేది రాష్ట్ర రైల్వే పోలీసులు. ఈ మాట విని పిల్లలకంటే మా ఉపాధ్యాయులే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

మీకూ నాకూ రోజూ తగిలేది ఉమ్మడి జాబితా. చదువు మొదట్లో రాష్ట్రాలదే. 1976లో 42వ సవరణతో అడవులు, తూనికలు కొలతలతో పాటు దాన్నీ ఉమ్మడిలో కలిపారు. ఇప్పుడు ఇద్దరూ చట్టాలు చేయవచ్చు. రెండూ పొసగకపోతే సాధారణంగా పార్లమెంటు చట్టమే నిలుస్తుంది. రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకున్న రాష్ట్ర చట్టానికి మాత్రం ఆ రాష్ట్రంలో మినహాయింపు ఉంది. ఉమ్మడి కాపురమే కానీ తాళాలగుత్తి పెద్దాయన మొలకే ఉందని నాకనిపిస్తుంది.

విద్యాహక్కు చట్టం 2009లో పార్లమెంటు చేసిందే. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ అదే తరగతిలో ఆపకూడదని అందులో ఉండేది. 2019లో దాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపాలా వద్దా అన్న నిర్ణయాన్ని ప్రభుత్వాలకు వదిలారు. ‘మా వాడిని ఇంకో ఏడాది ఇక్కడే ఉంచండి’ అని ఏప్రిల్‌లో నా దగ్గరికి వచ్చేవారు, అది నా చేతిలో లేదని గమనించగలరు.

నోటు పుస్తకాలు సోమవారం ప్రార్థనకు ముందే తరగతి ఉపాధ్యాయులకు అందించండి. కరెంటు బిల్లు అంటించాలనుకుంటే నకలు అంటించండి. ఇద్దరు పిల్లలు తెచ్చిన అసలు బిల్లులు నా బల్ల సొరుగులోనే ఉన్నాయి, గడువు దాటకముందే వచ్చి తీసుకెళ్లండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు