సంతకం చూడటానికి పోలీసెందుకు?

ఎడిటర్ గారికి,

బ్యాంకులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం కాలం నా పని సంతకాలు సరిచూడటమే. చెక్కునూ స్పెసిమెన్ కార్డునూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాణ్ణి. పెన్షన్ కోసం వచ్చే ఒక పెద్దాయనకు పక్షవాతం వచ్చాక, ఇంటిపేరు దగ్గరే చెయ్యి వణికి గీత కిందికి జారిపోయేది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇంకోసారి పెట్టించుకునేవాళ్లం. ఆయన ఇంటికి పోలీసును పంపాలని ఎవరికీ తోచలేదు.

అమెరికాలోని ఫ్లోరిడా వాళ్లకు తోచింది. అబార్షన్ హక్కు ప్రతిపాదనను ఓటర్లే నేరుగా ఓటేసి తేల్చేలా 2024 బ్యాలెట్‌లో పెట్టాలంటే 8,91,523 మంది ఓటర్ల సంతకాలు కావాలి. అంతకు మించే వచ్చాయి. కౌంటీ ఎన్నికల అధికారులు వాటిని సరిచూసి ఒప్పుకున్నారు కూడా. నెలలు గడిచాక, ఎన్నిక దగ్గరపడుతుంటే, కొందరి ఇళ్లకు పోలీసులు వెళ్లి "ఇది మీరు పెట్టిందేనా?" అని అడిగారు. ఒకాయనకు ఆయన డ్రైవింగ్ లైసెన్స్ కాపీ కూడా చూపించారు. ఆ ప్రతిపాదనను గట్టిగా వ్యతిరేకించిన గవర్నర్ డిశాంటిస్, చనిపోయినవాళ్ల పేర్లతోనూ సంతకాలున్నాయన్నారు. ఉండొచ్చు. డబ్బు తీసుకుని సంతకాలు సేకరించేవాళ్లలో దొంగలుంటారు. వాళ్లను పట్టుకోండి. ఓటరుకైతే ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది.

సంతకం చిన్న విషయమని నేననను. అదే ఏడాది సూరత్‌లో ప్రతిపాదకులు ముగ్గురు నామినేషన్ పత్రం మీది సంతకాలు తమవి కావన్నందుకు కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ పోయింది, పోలింగే లేకుండా బీజేపీ అభ్యర్థి ఎంపీ అయ్యారు. సరిచూడాల్సిందే. ఎవరు చూడాలన్న దగ్గరే నా పేచీ.

ఆ మధ్య నా పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు నల్లకుంటలోని మా ఇంటికి కానిస్టేబుల్ వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు, కాఫీ తాగి వెళ్లాడు. సాయంత్రానికి కింది పోర్షన్ ఆవిడ మా ఆవిణ్ణి పక్కకు పిలిచి "ఏం లేదు కదా వదినా?" అంది. మర్నాడు కూరగాయల బండి అబ్బాయీ అడిగాడు. వట్టి పాస్‌పోర్టుకే ఇంత!

ఆ ఫ్లోరిడా ప్రతిపాదనకు 57 శాతం ఓట్లొచ్చాయి. 60 కావాలి కనుక ఓడింది. పోలీసుల వల్లే ఓడిందని చెప్పలేను. కానీ మా అమ్మాయి ఫ్లోరిడాలోనే, టాంపాలో ఉంటుంది, అక్కడి ఓటరు. మొన్న షాపు బయట ఎవరో ఇంకేదో పిటిషన్ ఇస్తే, చదివి, పెన్ను తిరిగిచ్చేసిందట. "విషయం నచ్చలేదా?" అన్నాను.

"నచ్చింది నాన్నా" అంది.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నల్లకుంట, హైదరాబాద్